తాయారుగారి నిద్ర ఫైలు

మంగతాయారుగారికి కావలసింది నాలుగు గంటల నిద్ర. ప్రభుత్వం ఇస్తానన్నది నాలుగు గంటల విశ్రాంతి. రెండూ ఒకటేననుకోవడం ఆవిడ చేసిన పొరపాటు. పెదమరుపాక మునిసిపల్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు కుట్లూ అల్లికలూ నేర్పి, దారం ఎక్కించకముందే ముడి ఎక్కడ పడుతుందో చెప్పగలిగిన మనిషి, ఆ పథకంలో ముడి మాత్రం చూసుకోలేదు.

ఆవిడ భర్త పట్టాభిరామయ్యగారు కాలువల శాఖలో ఆఫీసు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఆయన పట్టు పట్టిన ఫైలు కదిలేది కాదు, వదిలిన ఫైలు ఆగేది కాదు. ఆయన పేరు మరిచిపోయిన రైతులు కూడా ఆయన మాట మరిచిపోలేదు. ఆ మాట "రేపు రండి." కాలువలో నీళ్ళొచ్చేవి గానీ ఆ రేపు వచ్చేది కాదు.

మూడేళ్ళ క్రితం ఆయన మతే ఆయనకు సెలవు చీటీ పెట్టింది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టిందీ మరిచారు, తరవాత ఇల్లున్న వీధి మరిచారు, ఆ తరవాత మనుషుల్ని. డాక్టరు డిమెన్షియా అన్నాడు. ఇప్పుడు తాయారుగారు కాఫీ తెస్తే, "ఏమ్మా, ఏ ఊరు మీది?" అని అడుగుతారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఆవిడతో ఇంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు. కాబట్టి నొచ్చుకోవాలో మెచ్చుకోవాలో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు.

చిక్కల్లా ఏమిటంటే, మనుషుల్ని మరిచిన పెద్దమనిషి ఆఫీసును మరవలేదు. రాత్రి గంటన్నరకోసారి లేచి, చొక్కా తొడిగి, జేబులో ఆకుపచ్చ సిరా పెన్ను పెట్టుకుని డ్యూటీకి బయల్దేరతారు. ఆకుపచ్చ సిరాతో సంతకం గెజిటెడ్ అధికారులకే చెల్లుతుంది. పట్టాభిరామయ్యగారు ఆ హోదాకు ఒక్క మెట్టు కింద రిటైరయ్యారు. ఆయన మనసెరిగిన తోటివాళ్ళు వీడ్కోలు సభలో శాలువా కప్పి, చేతిలో ఆ పెన్ను పెట్టారు. పదేళ్ళయినా ఆ సిరా ఒక్క కాగితాన్నీ తాకలేదు. తాకే అధికారం లేదని ఆయనకు తెలుసు. ఆ ఒక్కటీ కూడా ఈమధ్యే మరిచిపోయారు.

ఆయన్ని వీధి గుమ్మం దగ్గర ఆపి, "ఇవాళ సెలవండి, పండగ" అని చెప్పి మళ్ళీ పడుకోబెట్టడం తాయారుగారి పని. పేరుకు తాయారు, రాత్రంతా తయారు. పదకొండు నెలలుగా ఆవిడ ఒక విడతలో గంటన్నరకు మించి నిద్రపోలేదు. మొన్న పప్పులో ఉప్పనుకుని ముగ్గు వేయబోయింది. నిన్న పాలవాడికి నమస్కారం పెట్టి, పక్కింటి ప్లీడరుగారికి గిన్నె చాపింది.

అలాంటి రోజుల్లో మునిసిపల్ భవనం గోడ మీద పోస్టరు వెలిసింది: "మరిచిపోయేవారిని మేము చూస్తాం, మరవలేనివారు మీరు కునుకు తీయండి. సంరక్షక విశ్రాంతి పథకం. ప్రతి గురువారం నాలుగు గంటలు, ఉచితం."

ఉచితం అన్న మాట ఉచితంగా ఎవరూ అనరని తాయారుగారికి తెలుసు. అయినా వెళ్ళింది.

విశ్రాంతి విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు సిబ్బందికి మాత్రమే. భర్త చెయ్యి పట్టుకుని అరవై ఆరు మెట్లెక్కి, కిటికీ దగ్గర కూర్చున్న జూనియర్ అసిస్టెంటు హైమావతి ముందు నిలబడింది.

"అలసట ధ్రువపత్రం తెచ్చారాండీ?" అంది హైమావతి.

"అదేంటమ్మా?"

"మీరు అలిసిపోయారని ఋజువుండాలి కదండీ. అలవనివాళ్ళకి విశ్రాంతిచ్చేస్తే రేపు ఆడిట్లో ఎవరు చెప్పుకుంటారండీ?"

"చూస్తున్నావు కదమ్మా నా మొహం."

"మొహం జత చేయడానికి కాలమ్ లేదండి, ఫారంలో." హైమావతి మంచి పిల్లే. గొంతు తగ్గించి చెప్పింది. "ఇంకో మాటండి. మెట్లెక్కి వచ్చారని ఎక్కడా రాయకండి. అరవై ఆరు మెట్లెక్కినవాళ్ళు అలిసిపోనట్టు లెక్కండి, మార్గదర్శకాల్లో. అలాగని ఎక్కకపోతే అర్జీ ఇవ్వడానికి కుదరదండి."

"మరెలా వచ్చానని రాయను?"

"'హాజరైతిని' అని రాసేయండి. ఎలాగన్నది ఎవరూ అడగరు."

డాక్టరు దగ్గర ధ్రువపత్రం తెచ్చినా, అలసట సంగతి తేలడానికి మూడు వారాలు ఆలస్యమైంది. ఆ ఆలస్యం వల్ల అలసట పెరిగింది గనక, పాత ధ్రువపత్రంలోని అలసట చాలదని కొత్తది అడిగారు. నాలుగో వారానికి పట్టాభిరామయ్యగారి పేరూ, తాయారుగారి పేరూ రిజిస్టరుకెక్కాయి. ఆవిడ విశ్రాంతి అధికారి పరాంకుశంగారి ముందు హాజరైంది. విశ్రాంత అధికారి కాదు, విశ్రాంతి అధికారి. విశ్రాంత అధికారి ఇంట్లో కునుకు తీస్తాడు, ఈయన ఆఫీసులో తీస్తాడు. అంతే తేడా.

"ఆయన్ని కింద మీ హాల్లో దింపేసి, నేను ఇంటికెళ్ళి పడుకుని వస్తానండీ," అంది తాయారుగారు.

పరాంకుశంగారు జాలిగా నవ్వారు. "అమ్మా, ఇంటికి వెళ్తే మీరు ఇంటి పని చేస్తారు. అధ్యయనాలు చెబుతున్నాయి. సాక్ష్యాధారిత విశ్రాంతి అనేది ఈ పథకానికి మూలస్తంభం. నిరూపణ లేని విశ్రాంతి విశ్రాంతి కాదు. అది కేవలం పడుకోవడం."

"నాకు కేవలం పడుకోవడం చాలండి."

"దానికి బడ్జెట్ లేదమ్మా."

విశ్రాంతి మందిరంలో పన్నెండు ఇనప మంచాలున్నాయి. మంచానికో నంబరు. బ్యాంకులో పెన్నుకు కట్టినట్టు దిండుకో తాడు. నిద్ర కావాలంటే ముందు ముద్ర కావాలి. తాయారుగారు బొటనవేలు ముద్ర వేసి, ఏడో నంబరు మంచం మీద ఒరిగింది. రెప్పలు వాలాయి. ఒళ్ళు తేలిపోయింది. ఇంకో అరక్షణంలో నిద్ర ఒడ్డుకు చేరేదే. గణగణమని గంట మోగింది.

"లేవండమ్మా, ఫోటో," అన్నాడు అటెండరు ధనరాజు. రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న మనిషి; గంట కొట్టే చేత్తోనే ఫోటో తీస్తాడు. "పావుగంటకోటి తీయాలండి. విశ్రాంతి తీసుకుంటున్నట్టు కళ్ళు మూసుకోండి."

"మూసుకునే ఉన్నాను కదయ్యా."

"మెలకువగా ఉండి మూసుకోవాలండి. నిద్రలో ఉన్నవాళ్ళు ఫోటోకి సమ్మతించినట్టు కాదంటున్నారు."

తాయారుగారు లేచి, మెలకువగా కళ్ళు మూసుకుంది. ధనరాజు కెమెరా దించి బుర్ర గోక్కున్నాడు. "అన్నట్టు, మీ ఆయన్ని కూడా పిలుచుకురావాలండి."

"ఆయనెందుకు?"

"ఎవర్నుంచి విశ్రాంతి తీసుకుంటున్నారో ఆ మనిషి ఫోటోలో పక్కనుండాలండి. లేకపోతే ఎవర్నుంచి తీసుకున్నారో పైవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?"

అలా పావుగంటకోసారి తాయారుగారు కింది హాలుకు దిగి, భర్తను వెంటబెట్టుకుని పైకెక్కి, ఆయన పక్కన నిలబడి ఆయన్నుంచి విశ్రాంతి తీసుకుని, మళ్ళీ కింద దింపి వచ్చింది. నాలుగు గంటల్లో పదహారు ఫోటోలు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, బడలిక తీరడానికి గిన్నెలు తోముకుంది.

కింది హాల్లో పట్టాభిరామయ్యగారికి మాత్రం బాగానే గడిచింది. జ్ఞాపకశక్తి శిక్షకురాలు వంకాయ బొమ్మ చూపించి, "ఇదేంటో చెప్పండి తాతగారూ" అంది. ఆయన బొమ్మను తిప్పి వెనకవైపు చూసి, "రిఫరెన్సు లేదు. తిప్పి పంపండి" అన్నారు. బెండకాయకు నకలు జత చేయమన్నారు. దోసకాయ దగ్గర కాసేపు ఆలోచించి, "రేపు రండి" అన్నారు.

రెండు నెలలకు జిల్లా సమీక్ష జరిగింది. పెదమరుపాకలో సంరక్షకులు విశ్రాంతి తీసుకుంటున్నారు గానీ సేదదీరడం లేదని తేలింది. తప్పు ఎక్కడుందో వెంటనే కనిపెట్టారు. వాళ్ళకు విశ్రాంతి తీసుకోవడం చేతకాదు. కాబట్టి విశ్రాంతి నైపుణ్య శిక్షణ.

నలభై మంది సంరక్షకుల్ని పెద్ద హాల్లో మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. తెర మీద బొమ్మలు కనపడాలని దీపాలార్పారు. పైన పంకాలు మెల్లగా తిరుగుతున్నాయి. పరాంకుశంగారు మైకు పట్టుకుని, జోలపాటకు సరిపోయే గొంతుతో మొదలుపెట్టారు. "విశ్రాంతి: భావన, లక్ష్యాలు, అమలులో సవాళ్ళు. విశ్రాంతి అనునది బహుముఖీనమైనది..."

ఎన్ని ముఖాలో చెప్పేలోపే ముప్ఫై ఎనిమిది ముఖాలు వాలిపోయాయి. తాయారుగారు రెండో బొమ్మ దగ్గర పడిపోయింది. యాభై నిమిషాలు. పద్నాలుగు నెలల్లో ఆవిడ ఎరిగిన నిద్రల్లోకెల్లా అది మేలు నిద్ర. చెంప మీద ముంజేతి గాజుల అచ్చులు పడ్డాయి. లేచేసరికి లోకం కడిగినట్టు కనబడింది. పరాంకుశంగారు కూడా కనబడ్డారు, కడగనట్టు.

మర్నాడు ముప్ఫై ఎనిమిది మందికి మెమోలు వెళ్ళాయి. "విశ్రాంతి శిక్షణా సమయమున నిద్రించుట ద్వారా మీరు విశ్రాంతి పట్ల తీవ్ర నిర్లక్ష్యము ప్రదర్శించినారు. గురువారములోగా సంతృప్తికరమైన సంజాయిషీ ఇవ్వనిచో మీ పేరును, మీ లబ్ధిదారు పేరును పథకము నుండి తొలగింపబడును." వెనక ఫోటో జత చేశారు. తాయారుగారు నోరు తెరుచుకుని, తలవాల్చి, చంటిపిల్లలా నిద్రపోతున్న ఫోటో. కింద తేదీ, వేళ, స్థలం.

ఆవిడకు ఆ ఫోటో తెగ నచ్చింది. నచ్చినా భయం వేసింది. పేరు కొట్టేస్తే పావుగంటల విశ్రాంతితోపాటు కింది హాలు కూడా పోతుంది. వారానికి నాలుగు గంటలైనా ఆయన్ని ఇంకో మనిషి కనిపెట్టుకుని ఉండడం పోతుంది. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎలా నెట్టుకొచ్చిందో ఆవిడకే తెలియదు. ఇక ముందు నెట్టలేదని మాత్రం తెలుసు.

గురువారం ఉదయం భర్తను వెంటబెట్టుకుని అరవై ఆరు మెట్లూ "హాజరైంది". కింది హాలు మూసేశారు. విశ్రాంతి వారోత్సవాలకు రంగు కాగితాలు అంటిస్తున్నారు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక హైమావతి చుట్టూ చూసింది. మూడో అంతస్తంతటికీ ఒకే కుర్చీ ఖాళీగా ఉంది. వీపుకు తెల్ల తువ్వాలు కప్పిన ప్రత్యేకాధికారి కుర్చీ. ఆ పోస్టు ఎనిమిది నెలలుగా ఖాళీ. ఆయనెవరో వచ్చి సంతకం పెడతారని ఎనిమిది నెలల ఫైళ్ళు ఆ బల్ల మీద గుట్టలా పేరుకున్నాయి.

"కాసేపు ఇక్కడ కూర్చోబెడదాం అమ్మగారూ. కుదురుగా ఉంటారా?"

"ఫైళ్ళు కనబడితే ఉంటారమ్మా."

పట్టాభిరామయ్యగారు కూర్చున్నారు. తువ్వాలు సర్దుకున్నారు. బల్లను అరచేత్తో ఒకసారి తుడిచారు. మూడేళ్ళుగా ఆయన ముఖంలో తిరుగుతున్న వెతుకులాట టక్కున ఆగిపోయింది. ఇన్ని రాత్రులు గుమ్మం దాటి వెళ్ళాలనుకున్న చోటికి చేరుకున్నారు.

తాయారుగారు పరాంకుశంగారి గదిలోకి వెళ్ళింది.

"ఎందుకు నిద్రపోయారో సంజాయిషీ చెప్పండమ్మా," అన్నారాయన.

"నిద్రొచ్చిందండి."

"అది కారణం. నేనడిగేది సంజాయిషీ."

"బాబూ, ఇదిగో, ఈ ఫోటోలో నేను నిజంగా నిద్రపోయాను కదా. వేళతో సహా ఉంది. దీన్నే నా విశ్రాంతి కింద రాసేసుకోకూడదా?"

"అది క్రమశిక్షణ ఫోటో అమ్మా. విశ్రాంతి ఫోటోకి వేరే ఫారం. ఒక ఫోటోను ఇంకో ఫారంలో వాడితే నిధుల మళ్ళింపు కిందికి వస్తుంది." పరాంకుశంగారు గడియారం చూసుకున్నారు. "బయట కూర్చుని రాతపూర్వకంగా ఇవ్వండి. మధ్యాహ్నంలోగా. లేదంటే నా చేతుల్లో ఏమీ లేదు."

ఆయన చేతుల్లో టీ గ్లాసు ఉంది. తాయారుగారు బయటికొచ్చి, భర్త బల్లకెదురుగా ఉన్న స్టూలు మీద కూలబడింది. రాయడానికి కాగితం తీసింది. అక్షరాలు ఈదుతున్నాయి.

"ఏమ్మా," అన్నారు పట్టాభిరామయ్యగారు బల్ల అవతల నుంచి. "ఏ ఊరు మీది? ఏమిటి మీ అర్జీ?"

రోజూ వినే ప్రశ్నే. రోజూ ఆవిడ "నేనేనండి, తాయారుని" అనేది. ఇవాళ ఆ మాట అనడానికి కూడా ఓపిక లేదు.

"నిద్రండి," అంది.

"ఎన్నాళ్ళుగా పెండింగు?"

"పద్నాలుగు నెలలండి. ఇంకా పైచిలుకే."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "పద్నాలుగు నెలలా. ఎక్కడ ఆగింది?"

"మా ఆయనకి బాగోదండి. రాత్రిళ్ళు లేచి తిరుగుతారు."

"ఆయన్ని ఎవరు చూసుకుంటారు?"

"నేనేనండి."

"మరి మిమ్మల్ని?"

తాయారుగారు కాగితం మీంచి తలెత్తింది. పట్టాభిరామయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ఆవిడ కళ్ళలోకి చాలాసేపు చూశారు, కొట్టివేతలున్న పత్రాన్ని పరిశీలించినట్టు. తరవాత గుట్టలో పైనున్న కట్ట లాగారు. ప్రత్యేకాధికారి సంతకం కోసం పెట్టిన మెమోల నకళ్ళ కట్ట అది. అన్నిటికన్నా పైన ఆవిడ నిద్రపోతున్న ఫోటో. ఫోటోను చూశారు. ఆవిడను చూశారు. జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పారు. పదేళ్ళ సిరా మొరాయించింది. రెండుసార్లు విదిలించారు. పారింది.

గుండ్రటి అక్షరాలతో, మార్జిన్ వదిలి, సగం పేజీ రాశారు. సంతకం పెట్టి, తేదీ వేయడానికి తడుముకుని, "ఈ రోజు" అని వేశారు. కట్టను ఎడమ చేతి ట్రేలో పడేశారు.

సరిగ్గా పదకొండు గంటలకు ధనరాజు ట్రేలు ఖాళీ చేస్తాడు. ఎనిమిది నెలలుగా ఆ ట్రేలో ఏమీ లేకపోయినా రోజూ చెయ్యి పెట్టి చూసి వెళ్ళేవాడు. ఇవాళ చేతికి కట్ట తగిలింది. కట్ట మీద ఆకుపచ్చ సిరా. ఆ రంగు చూసి ఆపే ధైర్యం ఆ భవనంలో ఎర్ర దీపానికి కూడా లేదు. కట్ట హైమావతి దగ్గరికి వెళ్ళింది. కింద పొట్టి సంతకం పెట్టింది. సీనియర్ అసిస్టెంటుకు వెళ్ళింది; "చూచితిని" అని చూడకుండా రాశాడు. పరాంకుశంగారికి వెళ్ళింది; ఫోను మాట్లాడుతూ "పై ఉత్తర్వుల ప్రకారం వెంటనే అమలుపరచవలెను" అని వేశారు. ధనరాజు దానికి ఆఫీసు ముద్ర గుద్ది, నంబరు వేసి, నోటీసు బోర్డుకు తగిలించాడు.

పన్నెండింటికి పరాంకుశంగారి గదిలోకి హైమావతి పరుగున వచ్చింది.

"సార్, మన ప్రత్యేకాధికారిగారు ఎప్పుడు జాయినయ్యారండీ?"

"ఎక్కడ జాయినయ్యారు? పోస్టు ఖాళీ కదా."

"మరి మీరు ఎవరి కింద సంతకం పెట్టారండీ?"

పరాంకుశంగారు నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళి చదివారు.

"అర్జీదారు కళ్ళు స్వయముగా చూచితిని. వేరే ఆధారము అక్కరలేదు. ఈమెను నాలుగు గంటలు నిద్రపోనివ్వవలెను. గంట కొట్టరాదు. ఫోటో తీయరాదు. లేపిన వారి నుండి సంజాయిషీ తీసుకొనవలెను. ఇది ఈ కట్టలోని అందరికీ వర్తించును. ఇన్నాళ్ళు ఎందుకు ఆపితిరో తెలియకున్నది."

ఆయన మెల్లగా తల తిప్పి చూశారు. తువ్వాలు కుర్చీలో పట్టాభిరామయ్యగారు ఇంకో ఫైలు తిప్పుతూ, "పేజీ నంబర్లు వేయడం కూడా రాదు," అని విసుక్కుంటున్నారు.

"రద్దు చేసేద్దాం," అన్నారు పరాంకుశంగారు.

"చేద్దామండి. ఎందుకు రద్దు చేశామని నోటు రాయాలండి. డిమెన్షియా ఉన్న పెద్దాయన ఉత్తర్వు రాస్తే, మతి సరిగ్గా ఉన్న మనం ముగ్గురం చదవకుండా కింద సంతకాలు పెట్టామని రాయాలండి." హైమావతి గొంతు తగ్గించింది. "ఆ నోటు పైకెళ్తే, మనల్ని కూడా కింది హాల్లోనే చేర్చుకుంటారేమోనండి. వంకాయ బొమ్మలు చూపించి."

పరాంకుశంగారు ఉత్తర్వును మళ్ళీ చదివారు. దస్తూరి బాగుంది. మార్జిన్ బాగుంది. తప్పు పట్టడానికి ఒక్క వాక్యం కూడా దొరకలేదు.

"అదీగాక సార్," అంది హైమావతి, "నేను చేరినప్పటి నుంచీ ఈ ఆఫీసులోంచి వెళ్ళిన ఉత్తర్వుల్లో చదివితే అర్థమైంది ఇదొక్కటేనండి."

ఉత్తర్వు అమలైంది. అయ్యాక ఆగలేదు. ధనరాజు గంట నాలిక్కి గుడ్డ చుట్టాడు. దిళ్ళ తాళ్ళు కోశారు. కబురందుకున్న సంరక్షకులు ఒక్కొక్కరే వచ్చారు. మంచాలు పన్నెండు, మనుషులు ముప్ఫై ఎనిమిది. మిగతావాళ్ళు శిక్షణ హాలులో మెత్తటి కుర్చీల్లో, రికార్డు రూములో చాపల మీద, వారోత్సవాల స్వాగత తోరణం కింద పడుకున్నారు. వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన పెద్దవాళ్ళ దగ్గర సిబ్బందంతా కూర్చోవలసి వచ్చింది. పరాంకుశంగారి వంతుకు ఒక ముసలి తబలా వాద్యగాడు వచ్చాడు. ఆయన విశ్రాంతి అధికారి టేబులు మీద వేళ్ళతో మధ్యాహ్నమంతా వాయిస్తూనే ఉన్నాడు. పరాంకుశంగారికి ఆ పూట కునుకు పట్టలేదు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి.

తాయారుగారికి ఏడో నంబరు మంచం ఇచ్చారు. "ఆయన..." అంటూ లేవబోయింది. పట్టాభిరామయ్యగారు స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చున్నారు. "నేనున్నానమ్మా. అమలు జరుగుతోందో లేదో చూడాలి. ఈ ఆఫీసును నమ్మడానికి వీల్లేదు," అన్నారు. ఆ మాట పూర్తిగా విందో లేదో, నిద్రపోయింది.

అలవాటు చొప్పున పావుగంటకు ధనరాజు కెమెరాతో తొంగిచూశాడు. పట్టాభిరామయ్యగారు పెన్ను పెదవులకు అడ్డం పెట్టి, "ఉత్తర్వు చదివావా?" అన్నారు, గుసగుసగా. ధనరాజు మునివేళ్ళ మీద వెనక్కి నడిచాడు.

నాలుగు గంటలు. పావుగంట కూడా తగ్గకుండా. ఆ నాలుగు గంటల్లో పట్టాభిరామయ్యగారు కూడా ఎక్కడికీ బయల్దేరలేదు. ఆయన డ్యూటీలోనే ఉన్నారు.

తాయారుగారు కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ పల్చబడింది. స్టూలు మీద ఆయన, వీపు నిటారుగా పెట్టుకుని, ఆవిడనే చూస్తూ ఉన్నారు.

"ఎవరమ్మా మీరు?" అన్నారు మర్యాదగా.

ఆవిడ లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుని, పమిట సర్దుకుంది.

"అర్జీదారునండి."

"పనైందా?"

"అయిందండి."

ఆయన సంతృప్తిగా తలాడించి, పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు జిల్లా మొత్తాన్ని తిప్పి పంపిన ఆ మాటే మళ్ళీ అన్నారు. విని సంతోషపడిన మొట్టమొదటి మనిషి తాయారుగారే.

"రేపు రండి."